తవుడుకి కొన్న వంశం

తవిటమ్మ పేరు వెనక ఒక బేరం ఉంది.

ఆమెకన్నా ముందు ఆ ఇంట్లో ముగ్గురు పుట్టారు. ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. నాలుగోసారి తల్లి బిడ్డ ముఖమైనా సరిగ్గా చూడకుండా చేటలో పడుకోబెట్టి పక్కింటి దాలమ్మ చేతిలో పెట్టేసింది. ఒక పూట ఆగి, ఎవరో పరాయి మనిషిలా దాలమ్మ గుమ్మంలోకి వెళ్ళి, చేటెడు తవుడు పోసి, ఆ బిడ్డనే కొని తెచ్చుకుంది. కొన్నది గనక ఇంటిబిడ్డ కాదు. ఆ ఇంటి పిల్లల కోసం తిరిగే చావు గుమ్మంలో తొంగిచూసి, ఇది తనకి రావలసింది కాదనుకుని వెనక్కి పోవాలి. తాటిదిబ్బ చుట్టుపక్కల ఒకప్పుడు ఇలాంటి తవిటమ్మలు, తవిటయ్యలు, పెంటమ్మలు వీధికి ముగ్గురేసి ఉండేవారు. చావుని మోసం చెయ్యడానికి ఆ ఊళ్ళకి తెలిసిన ఉపాయం అదొక్కటే.

ఉపాయం పనిచేసింది. తవిటమ్మ బతికింది. కానీ బేరం నిలవాలంటే నాటకం కడదాకా ఆడాలి కదా, తల్లి ఆడింది. పిల్ల బొద్దుగా ఉందని ఎవరైనా అంటే పక్కకి తిరిగి, "మాది కాదమ్మా, తవుడుకి కొన్నాం" అనేది. కొత్త గౌను తొడిగితే అంచుకి మసి పూసేది. పెద్దయ్యాక కూడా అంతే. తల్లి తన ఆఖరి రోజుల్లో, సూది మందు ఇవ్వడానికొచ్చిన నర్సు "మీ అమ్మాయా?" అని అడిగితే, మంచం మీద నుంచే కాదన్నట్టు తల ఊపింది. తవిటమ్మ ఆ తల ఊపు సంగతి ఎవరికీ చెప్పలేదు. మరిచిపోనూ లేదు.

ఈ కథ నాటికి ఆమెకి యాభై నాలుగేళ్ళు. పొలాల్లో మందు కొట్టడం ఆగి అప్పటికి పాతికేళ్ళు దాటింది. కనిపెట్టిన ప్రతి మందుకీ పురుగు అలవాటు పడిపోయి, చివరికి మందు తాగి పురుగు బలిసి, మనిషే చిక్కిపోతున్నాడని తేలాక ప్రభుత్వం వాటిని ఆపేసింది. ఇప్పుడు పురుగుని పురుగుతోనే చంపాలి. చెరకు రైతుల సంఘం తాటిదిబ్బలో రెండు షెడ్లు వేసింది. ఒకటి తవిటమ్మది, రెండోది ఆమె తోడికోడలు పైడితల్లిది. ఒక్కో షెడ్డులో ఆరుగురేసి ఆడవాళ్ళు పనిచేసేవారు.

తవిటమ్మ షెడ్డులో పెరిగేవి బుల్లి కందిరీగలు. వాటికి పుస్తకాల్లో పెద్ద పేరే ఉంది గానీ షెడ్డు ఆడవాళ్ళు నలుసులు అనేవారు. ఆవగింజ మీద అరడజను నలుసులు కూర్చుని పేకాడుకోవచ్చు. చెరకు మొవ్వుని తొలిచే పీకపురుగు ఆకు మీద గుడ్లు పెడితే, నలుసు వచ్చి ఆ గుడ్డుకి సూదిలాంటి తోకతో కన్నం పొడిచి లోపల తన గుడ్డు పెడుతుంది. ఎనిమిది తొమ్మిది రోజులకి ఆ గుడ్డులోంచి పీకపురుగుకి బదులు నలుసు బయటికొస్తుంది. గుడ్డు దాటి లోకం చూడకుండానే పురుగు పని సరి. షెడ్డులో నిల్వ బియ్యానికి పట్టే బియ్యం చిలక పురుగు గుడ్లని తుమ్మజిగురుతో అట్టల మీద అంటించి, వాటిలో నలుసుల చేత గుడ్లు పెట్టించి, ఆ అట్టముక్కల్ని చెరకు ఆకుల అడుగున కుడతారు.

పైడి షెడ్డులో పెరిగేవి అల్లిక రెక్కల పురుగులు. పెద్దయ్యాక లేత ఆకుపచ్చ రెక్కలతో పెళ్ళికూతురులా ఉంటాయి. పిల్లలుగా ఉన్నప్పుడు మాత్రం రెండు కొడవళ్ళు కోరలుగా పెట్టుకుని, తెల్లదోమ, పేనుబంక, ఎదురైన మెత్తటి ప్రాణినల్లా పీల్చేసి తొక్క పారేస్తాయి. సొంత అన్నదమ్ముల్ని కూడా వదలవు. అందుకే వాటి తల్లి ఒక్కో గుడ్డునీ ఒక్కో వెంట్రుక కొనమీద విడివిడిగా నిలబెట్టి పోతుంది. ఊళ్ళో వాటి పేరు దొంగలు.

రెండూ రైతుకి మంచివే. చిక్కల్లా రెండూ ఒక పొలంలో కలిసినప్పుడే. దొంగకి గుడ్డు గుడ్డే. లోపల పీకపురుగు ఉందా, నలుసు ఉందా అని అది కన్నం పెట్టి చూడదు. నలుసు కడుపుతో ఉన్న గుడ్లని కూడా కోరల మధ్య పెట్టుకుని పీల్చేస్తుంది. పదింట ఆరు అలాగే పోతున్నాయని తవిటమ్మ భూతద్దంతో లెక్కపెట్టి, సంఘం సమావేశంలో అందరి ముందూ చెప్పేసింది.

"నేను కన్నోళ్ళని పక్కింటోళ్ళు తినేత్తంటే నేను అట్టలు కుట్టడం దేనికి? ఏదో ఒక షెడ్డు మూసీండి."

పైడి ఆ సమావేశంలోనే ఉంది. లేచి కొంగు దులిపింది. "నా దొంగలు లేకపోతే తెల్లదోమకి ఎవులొత్తారు? ఈవిడి నలుసులా? అవి తెల్లదోమ మొకమైనా ఎరగవు" అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తోడికోడళ్ళ మధ్య మాటల్లేవు.

మాటల్లేవంటే బొత్తిగా లేవని కాదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు పెరట్లో రొమ్మెత్తు గోడ కట్టారు గానీ గేదెని మధ్యకి కొయ్యలేక ఉమ్మడిగా ఉంచారు. పొద్దుటి పాలు తవిటమ్మవి, సాయంత్రప్పాలు పైడివి. గోడ ఆగిపోయేచోట గుంజ పాతి గేదెని కట్టారు. ఒకరికి చెప్పాల్సింది ఉంటే మరొకరు వినేటట్టు గేదెకి చెప్పేవారు.

"ఒసే గేదా, కొందరు సమావేసాల్లో సొంతోళ్ళ పరువు తీత్తారంట, నీకెరికేనా?" అని ఒకరు.

"గేదా, కొందరు సొంతోళ్ళ నోటికాడ కూడు తినేత్తారంట, అది మట్టుకు తెలవదేటి?" అని ఇంకొకరు.

గేదె నెమరేసుకునేది.

ఏదో ఒక షెడ్డు మూసెయ్యాలని సంఘం తీర్మానించబోయే సమయానికి డాక్టర్ అరుంధతి వచ్చింది. పట్నం పరిశోధనశాల నుంచి, పెట్టెలతో, సూక్ష్మదర్శినితో. నలభై దాటని మనిషి. తెనాలి వైపు ఆవిడ. ఎండకి బుగ్గలు కందిపోతున్నా షెడ్డులోనే బల్ల వేసుకుంది. రెండింటిలో దేన్నీ మూయనవసరం లేకుండా చెయ్యాలని ఆమె పంతం.

"తవిటమ్మగారూ, దొంగ ఏ గుడ్డునైనా వదిలేస్తుందా? ఎప్పుడైనా చూశారా?"

"సచ్చిన గుడ్డుని ఒగ్గేత్తాదమ్మా. మొన్న ఎండకి మాడిపోయిన అట్టని దాని ముందలెట్టినాను. ఇలాగ వాసన సూసి, ఇలాగ పక్కకెల్లిపోనాది. మా తాటిదిబ్బలో నాలాటోల్లు బతికినట్టే."

"మీలాంటివాళ్ళు అంటే?"

జిగురు పూస్తూ తవిటమ్మ తన పేరు వెనక బేరం చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. తల ఊపు సంగతి మాత్రం చెప్పలేదు. అరుంధతి చేతిలోని పట్టకారు బల్ల మీద పెట్టేసింది. తర్వాత కాయితం తీసి ఏదో గీసింది. ఆ కాయితం మీదే ఎనిమిది నెలలు పనిచేసింది.

ఆమె చేసింది ఇది. చచ్చిపోయిన గుడ్డు రెండో రోజున ఒక వాసన విడుస్తుంది. ఆ వాసన తయారుచేసే శక్తిని నలుసు వంశంలోకి ఎక్కించింది. ఇక ఆ వంశంలో పుట్టిన ప్రతి ఆడ నలుసూ గుడ్డుకి కన్నం పొడిచినప్పుడు, తన గుడ్డుతోబాటు ఆ వాసన చుక్క ఒకటి పైన అద్దుతుంది. లోపల బిడ్డ బతికే ఉంటుంది, బయటికి చచ్చినట్టు వాసన వేస్తుంది.

పరీక్ష రోజున రెండు షెడ్ల ఆడవాళ్ళూ బల్ల చుట్టూ మూగారు. గాజుమూకుడులో ఎడమవైపు మామూలు గుడ్లు, కుడివైపు చుక్క పెట్టిన గుడ్లు. మధ్యలో రెండురోజులు పస్తున్న దొంగని వదిలారు. అది ఎడమవైపు పదకొండు పీల్చింది. కుడివైపు వచ్చింది. మొదటి గుడ్డు మీద కోరలు ఆనించింది, వెనక్కి తీసింది. రెండోది చూసింది. ఆ వరసంతా తొక్కుకుంటూ నడిచిపోయి గాజు అంచుకి తల ఆనించి కూర్చుంది.

"ఓలమ్మ! ఆకలేత్తన్నా ముట్టనేదు సూడండే" అంది ఎవరో.

పైడి అద్దంలోంచి చూసి, ఎవరివైపూ చూడకుండా, "దొంగైనా దానికి నేమముంది" అని వెళ్ళిపోయింది. ఆ రోజుతో ఆమె షెడ్డు నిలబడింది.

ఒక షరతు ఉంది. కొత్త వంశమూ పాత వంశమూ కలిస్తే పరీక్ష పాడవుతుంది. "పాత మంద మీ షెడ్డులో ఒక్క గాజుగొట్టం కూడా మిగలకూడదు, తవిటమ్మగారూ. అన్నీ వేడిపెట్టెలో పెట్టెయ్యండి" అంది అరుంధతి.

ఆ పాత మంద తవిటమ్మ చేతిమీద ఇరవై రెండేళ్ళ నుంచి నడుస్తోంది. ఏటిగట్టు చెరకులో ఆమె స్వయంగా ఏరుకొచ్చిన నాలుగు ఆకుల నుంచి మొదలైంది. తొమ్మిదిరోజులకో తరం. అన్ని తరాలకీ మంత్రసాని ఆమే. మొత్తం నలభై గొట్టాలు. ముప్పైతొమ్మిదిటిని వేడిపెట్టెలో పెట్టి మీట నొక్కింది. నలభయ్యోది రొంటిన దోపుకుంది.

ఆ సాయంత్రం పైడి పాలు పితుకుతుంటే తవిటమ్మ గోడ ఇవతల నిలబడింది.

"ఒసే గేదా, నా కాడ ఓ బిడ్డుంది. నా ఇంట్లో దక్కదు. ఎవులైనా తవుడుకి కొనుక్కుంటారేటో అడుగు."

చెంబులో పాలధార శబ్దం ఆగింది.

"ఆ బిడ్డకి కూడేటో అడగవే గేదా."

"బియ్యం సిలక గుడ్లే. ఆ ఇంట్లో ఉన్నోళ్ళు తినీదీ అదే."

"బాగుంది. మేకపిల్లని తెచ్చి నక్కకి సాకమన్నట్టున్నాది."

"ఏరే గదిలో ఉంచాల. గొట్టం మూతికి నల్లగుడ్డ కట్టాల. తొమ్మిదో రోజుకి కొత్త గుడ్లు మార్చాల. ఒక్క రోజు తప్పితే వంసం పోతాది."

తవిటమ్మ వెనక్కి తిరగబోతుంటే, గేదె కుడితిలో కలపడానికి పెట్టుకున్న తవుడులోంచి చేటెడు తీసి పైడి గోడమీద పెట్టింది. గేదె నోటికాడ తవుడు అలా గోడెక్కడం చూసి ఒకసారి అరిచింది. తవిటమ్మ చేట ఖాళీచేసుకుని, గొట్టాన్ని అందులో పడుకోబెట్టి, అవతలకి జరిపింది. ఎవరి ముఖం ఎవరూ చూడలేదు.

అరుంధతికి అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు. తవిటమ్మ షెడ్డులో ఒక్క గొట్టమూ మిగల్లేదు.

మొదటి ఏడు చెరకు నిటారుగా నిలబడింది. దొంగలూ నలుసులూ ఒకే బండిలో పొలానికి వెళ్ళి, ఒకే ఆకు మీద ఎవరి పని వారు చేసుకున్నాయి. పీకపురుగు మచ్చుకి కూడా లేదు. మూడు మండలాలకి అట్టలు పంపారు. పట్నం నుంచి పెద్దలు వచ్చి అరుంధతికి శాలువా కప్పారు. ఎండాకాలంలో శాలువా ఏమిటని తవిటమ్మ మొగుడు సూరప్పడు గొణిగాడు గానీ, తన నాలుగెకరాల చెరకు చూసుకుని ఆయన కూడా రెండు చప్పట్లు కొట్టాడు. షెడ్డులో ఆడవాళ్ళు కొత్త నలుసులకి తవుడు వంశం అని పేరు పెట్టారు.

గోడ మాత్రం గోడలాగే ఉంది.

రెండో ఏడు చైత్రంలో సూరప్పడు పొలం నుంచి ఒక చెరకు మొవ్వు తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"ఇదిగో, లాగితే ఊడొచ్చేత్తన్నాది. వాసన సూడు."

కుళ్ళిన వాసన. పీకపురుగు తిన్న మొవ్వు వేసే వాసన అదొక్కటే.

"ఎన్ని ఎండినాయి?"

"సాలుకి ఇరవై ముప్పై. నీ నలుసులు పన్లోకి రావట్లేదేటి, సెలవెట్టినాయా?"

అట్టలు వెళుతూనే ఉన్నాయి. లోపల నలుసు పెరుగుతున్న గుర్తుగా అట్టల మీద గుడ్లు నల్లబడుతూనే ఉన్నాయి. నల్లబడ్డ గుడ్ల నుంచి నలుసులు వస్తూనే ఉన్నాయి. పొలంలో మాత్రం తర్వాతి తరం ఉండటం లేదు. అరుంధతి కాయితాల మీద ఎండ వేడి అనీ, గాలి అనీ రాసుకుని కొట్టేసుకుంటోంది. తవిటమ్మ భూతద్దం తీసుకుని సద్దిమూట కట్టుకుని పొలానికి పోయింది.

చెరకు సాలులో గొంతుకూర్చుని ఒక ఆకుని ఒళ్ళో వంచుకుంది. అడుగున కుట్టిన అట్టముక్క మీద నల్లబడ్డ గుడ్ల గుంపు. పొద్దు ఏడింటికి మొదటి నలుసు కన్నం కొట్టుకుని బయటపడింది. మగది. మగ నలుసుకి మీసాల మీద బొచ్చు ఉంటుంది, అద్దంలో ఇట్టే తెలుస్తుంది. మగవాళ్ళు ఎప్పుడూ ముందే వస్తారు. వచ్చి ఆ గుడ్ల మీదే పచార్లు చేస్తూ, వెనక వచ్చే ఆడపిల్లల కోసం కాచుకుంటారు. ఆడది తల బయటపెట్టగానే అక్కడికక్కడే జత కడతాయి. ఆడది కడుపు పండించుకునే ఎగురుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె చూసిన పద్ధతి అది.

ఈ మగది గుడ్ల మీద మీసాలు ఆడించింది. ఆగింది. మళ్ళీ ఆడించింది. కాళ్ళు దులుపుకుని ఎగిరిపోయింది. రెండోదీ అంతే చేసింది. ఏడు మగవి వచ్చాయి, ఏడూ పోయాయి. చచ్చిన గుడ్డు దగ్గర ఎవరు కాపలా కూర్చుంటారు?

గంట తర్వాత ఆడవి వచ్చాయి. గుమ్మంలో ఎవరూ లేరు. కాసేపు అటూ ఇటూ తిరిగి అవి కూడా ఒంటరిగా ఎగిరిపోయాయి.

నలుసు జాతిలో ఒక వింత ఉంది. మగవాడితో కలవకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. కాకపోతే అన్నీ కొడుకులే పుడతారు. పెళ్ళికాని నలుసుకి కూతురు పుట్టదని షెడ్డులో ఆడవాళ్ళు నవ్వుకుంటుండేవారు. తవిటమ్మకి ఆ రోజు నవ్వు రాలేదు. ఆ చుట్టుపక్కల పీకపురుగు గుడ్లన్నీ కోసుకుని డబ్బాలో పెట్టుకుని షెడ్డుకి వచ్చింది. ఆరు రోజులు కాపలా కాసి, వచ్చిన నలుసుల్ని అరుంధతి బల్ల మీద పెట్టింది.

"అంతా మగోళ్ళేనమ్మా. నూటికి తొంభై ఆరు. మీసాలు సూసుకోండి."

అరుంధతి అద్దం మీదకి వంగి చూసింది. "ల్యాబులో బాగానే జత కట్టాయి కదా. ఎనభై తరాలు చూశాను."

"గొట్టంలో ఎట్టి మూతేత్తే ఎక్కడికి పోతారమ్మా? ఎదురుగా ఉన్నదాన్నే సేసుకుంటారు. పొలానికి మూత లేదు."

అరుంధతి కుర్చీలో వెనక్కి వాలింది. ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చంపేవాణ్ణి దూరంగా ఉంచిన చుక్కే కట్టుకునేవాణ్ణి కూడా దూరంగా ఉంచింది.

ఏటి అవతల ఊళ్ళ నుంచి, అట్టలు ఎప్పుడూ వెయ్యని గట్ల మీద నుంచి కూడా ఆమె ఆకులు తెప్పించింది. ఎవరూ పెంచకుండా వాటంతటవే బతికే నలుసుల్ని పరీక్షించింది. వాటిలోకి కూడా చుక్క దిగిపోయింది. తవుడు వంశం మగవాళ్ళు ఎగిరిపోయింది ఊరికే కాదు. బయటి ఆడవాళ్ళని కట్టుకుని, ఆ కూతుళ్ళకి చుక్క అంటించారు. ఆ కూతుళ్ళ గుమ్మంలోనూ మగవాడు నిలబడలేదు. ఈ లెక్కన వానలు పడేలోపు మూడు మండలాల్లో నలుసు అన్నదే ఉండదు. వాటితోబాటు చుక్క కూడా పోతుంది, నిజమే. కానీ ఆ తర్వాత పీకపురుగుకి అడ్డెవరు? కొట్టడానికి మందు లేదు. పెంచడానికి వంశం లేదు.

"పాతది ఒక్కటి ఉన్నా చాలు," అంది అరుంధతి. "ఒక్క గొట్టం. మీరు అన్నీ వేడిపెట్టెలో పెట్టారు కదా?"

"మా షెడ్డులో ఏటీ మిగల్లేదమ్మా" అంది తవిటమ్మ. అది నిజమే.

ఇంటికి వచ్చి చేటలో తవుడు పోసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి, గేదె వీపు నిమిరి, తవుడు దాని తొట్టిలోనే పోసి వచ్చేసింది. రెండో రోజూ అంతే. అడగడం తేలికే, అడిగేది ఏమిటో ఆమెకి తెలుసు. పాత నలుసులు తిరిగొస్తే వాటి మీద చుక్క ఉండదు. దొంగలు మళ్ళీ పదింట ఆరు తింటాయి. సంఘం మళ్ళీ ఒక షెడ్డే అంటుంది. మొవ్వులు ఎండిపోతున్నప్పుడు ఆ ఒక్కటీ ఎవరిదో చెప్పడానికి సమావేశం అక్కర్లేదు. పైడి గొట్టం ఇవ్వడమంటే, తన షెడ్డు తాళంచెవి తానే తెచ్చి ఇవ్వడం.

అసలు ఆ గొట్టం ఉందో లేదో కూడా తెలియదు. రెండేళ్ళలో ఒక్క తొమ్మిదో రోజు తప్పినా ఉండదు. రెండేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు. అమ్మేసిన బిడ్డ బాగోగులు అడగకూడదు.

మూడో రోజు సాయంత్రం చేట గోడ మీద పెట్టింది.

"గేదా, అప్పుడు ఇచ్చిన బిడ్డని కొనుక్కుందామని వచ్చినానని సెప్పు."

పైడి పాలు పితకడం ఆపలేదు. "గేదా, అమ్మేసినోళ్ళకి అక్కేటి?"

"అక్కు లేదు. కొనుక్కోడానికే వచ్చినాను."

"అమ్మను."

తవిటమ్మ నిలబడే ఉంది. పైడి చెంబు కింద పెట్టి లేచింది. గేదెని చూసి కాదు, గోడ మీదుగా సూటిగా తోడికోడలిని చూసి మాట్లాడింది. మూడేళ్ళలో అదే మొదటిసారి.

"రెండేళ్ళప్పా! తొమ్మిదో రోజు తొమ్మిదో రోజని గోడమీద బొగ్గు గీతలెట్టుకుని సాకినాను. మాయమ్మ దినం నాడు గుడ్లు మార్చాల్సొచ్చి ఆలీసంగా ఎల్లినాను. పిండాలు నీళ్ళలో కలిపేసినారు అప్పటికి. మా అన్న ఇప్పటికీ మాటాడడు. నువ్వేమో ఓపాలైనా అడిగినావా, బతికున్నాయేటి సచ్చినాయేటని?"

"అడక్కూడదు కదే."

"అడక్కూడదు! మరిప్పుడెందుకు అడుగుతున్నావు?"

తవిటమ్మ చెప్పింది. మగవాళ్ళ సంగతి, ఏటి అవతల సంగతి. పైడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"అయితే అవి నీకిత్తే నా షెడ్డుకి తాళం."

"ఎరికే."

"ఎరికుండి వచ్చినావు."

"సంపీకపోయావా మరి రెండేళ్ళలో? ఎందుకు సాకినావు?"

"తవుడు పోసి కొన్నాక నా బిడ్డే కదేటి. ఎవులైనా సంపుకుంటారా?"

గేదె తల తిప్పి ఇద్దర్నీ చూసింది. తనని పక్కన పెట్టి మాట్లాడుకోవడం దానికి కొత్త.

పైడి గుంజని గోటితో గీకింది. "నీ అట్టలు ఏ రోజెల్తాయి?" అంది ఉన్నట్టుండి.

"సోమోరం."

"నాయీ సోమోరమే. ఎందుకూ?"

"సంగం బండి నెలకోపాలి సోమోరమే వత్తాది కాబట్టి."

"ఎరువుల బండి సుక్రోరం వత్తాది."

తవిటమ్మ వేళ్ళు మడిచింది. సోమవారం నలుసులు. ఒకటి రెండు రోజుల్లో ఎగిరి పీకపురుగు గుడ్లలో పెడతాయి. అక్కడి నుంచి ఎనిమిది తొమ్మిది. "నీ దొంగల్ని పదకొండు రోజులు ఆపగలవేటి?"

"గుడ్డుగా ఉన్నప్పుడే సల్లపెట్టిలో ఎడితే పన్నెండు రోజులైనా ఆగుతాయి."

"ఆగి, పై వారం సుక్రోరం ఎల్తే..."

"అప్పటికి నీవోళ్ళు పుట్టి, పెల్లిళ్ళయి ఎల్లిపోతారు. ఉట్టి డొల్లలుంటాయి. నావోళ్ళకి తెల్లదోముంది, పేనుంది."

"ఎనకబడినోళ్ళు కొందరు దొరుకుతారు నీయికి."

"దొరకనీ. అంతో ఇంతో తినకపోతే దొంగలెలాగౌతాయి?"

పైడి లోపలికి వెళ్ళింది. చేట తెచ్చింది. అందులో నల్లగుడ్డ కట్టిన గొట్టాలు తొమ్మిది ఉన్నాయి. ఒకటి తీసుకుని తొమ్మిది చేసింది. తవిటమ్మ పోసిన తవుడుని చేత్తో కలిపి చూసింది.

"పోసిందీ పోసింది, నూకలేరని తవుడు పోసినావు."

"నువ్వప్పుడు పోసిందీ కుడితి తవుడే" అంది తవిటమ్మ.

మర్నాడు షెడ్డులో అరుంధతి బల్ల మీద తొమ్మిది గొట్టాలూ వరసగా పెట్టారు. ఆమె ఒక్కొక్కటే అద్దం కింద పెట్టి చూసింది. ఎక్కడా చుక్క లేదు. ఆడవీ మగవీ సరిగ్గా ఉన్నాయి. ఎక్కడివని అడిగింది. గోడ, గేదె, తవుడు అన్నీ చెప్పారు. బండి రోజుల సంగతి కూడా చెప్పారు. ఆమె కాయితం తీసి లెక్క వేసుకుంది. పదింట ఆరు పోయేచోట ఒకటి పోతుంది. ఇంకోసారి వేసింది. అదే వచ్చింది.

"దీనికి కొత్త వంశం అక్కర్లేదు," అంది నెమ్మదిగా. "సోమవారం ఒకరు, పై వారం శుక్రవారం ఒకరు. అంతే. మూడేళ్ళ క్రితం ఇది నాకెవరూ ఎందుకు చెప్పలేదు?"

తోడికోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"అప్పుడు మాకు మాటల్లేవమ్మా" అంది పైడి.

అరుంధతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత ఆ నెలలోనే తన పొరపాటుని తానే రాసి పట్నానికి పంపింది. శాలువా కప్పినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ ఏడు మూడు మండలాల్లో చెరకు సగానికి సగం పోయింది. సూరప్పడు రెండెకరాలు దున్నేశాడు. వానలు పడేదాకా ఆగి, బయట చుక్క ఉన్న నలుసు ఒక్కటీ మిగల్లేదని తేలాక, ఒక సోమవారం పాత అట్టలు బండెక్కాయి. పై వారం శుక్రవారం ఎరువుల బస్తాల మీద కూర్చుని దొంగలు వెళ్ళాయి.

ఆ మొదటి సోమవారం పొద్దున, బండి రాకముందు, అరుంధతి ఒక గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టింది. లోపల నలుసులు బంగారు రజనులా కదులుతున్నాయి.

"ఎంత ముద్దుగా ఉన్నాయి, తవిటమ్మగారూ! మీ పాత మందే కదూ?"

తవిటమ్మ పక్కకి తిరిగింది.

"మాయి కావమ్మా. తవుడుకి కొన్నాం."

అనేశాక గానీ ఆ మాట ఎవరి గొంతుతో వచ్చిందో ఆమెకి తెలియలేదు. తర్వాత అరుంధతి చేతిలోంచి గొట్టం తీసుకుని, ఎవరి కళ్ళూ పడకుండా నల్లగుడ్డ కప్పింది.